రోడ్డు మారితే ప్లాటు పోదు, గడువు దాటితే పోతుంది

సందేహం: మా నాన్నగారు 1988లో హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక పంచాయతీ లేఅవుట్‌లో 200 గజాల ప్లాటు (నంబరు 46) కొన్నారు. 2005లో రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో నాకిచ్చారు. మావారి ఉద్యోగం వల్ల పుణేలో ఉంటున్నాం. దస్తావేజులో దక్షిణం హద్దు 30 అడుగుల రోడ్డు. ఇప్పుడు ఆ రోడ్డే లేదు, పక్కగా 60 అడుగుల రోడ్డు వచ్చింది. ఇంటి నంబర్లూ మారిపోయాయి. నా ప్లాటులో ఎవరో ప్రహరీ కట్టి రేకుల షెడ్డు వేశారు. 2014 చివర్లోనో 2015లోనో కట్టారట. నాన్నగారు కష్టపడి కొన్న స్థలం, తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. కొత్త హద్దులతో సవరణ దస్తావేజు చేయించి, ఒక ఆదివారం గోడ తీయించేద్దామని బ్రోకర్ అంటున్నాడు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, పుణే

సమాధానం: ‘2014 చివర్లోనో 2015లోనో’ అని తేలిగ్గా రాసేశారు. మీ కేసును తేల్చేది ఆ తేదీయే. హక్కు ఆధారంగా స్థలం స్వాధీనం కోరే దావాకు లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం గడువు 12 ఏళ్లు. అవతలివారి స్వాధీనం మీ హక్కుకు వ్యతిరేకంగా మారిన రోజు నుంచి లెక్క. ప్రహరీ కట్టిన రోజే అదని వాళ్లు వాదిస్తారు. అది 2014 డిసెంబరని రుజువైతే 2026 డిసెంబరుతో సరి. ఆ తర్వాత అదే చట్టం 27వ సెక్షన్ కింద మీ హక్కే పోతుంది. కోవిడ్ కాలాన్ని గడువు లెక్కలోంచి సుప్రీంకోర్టు మినహాయించిన మాట నిజమే. అవసరమైతే వాదించడానికి పనికొస్తుంది, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. పోలీసు ఫిర్యాదు, లాయర్ నోటీసు గడువును ఆపవు. దావా ఒక్కటే ఆపుతుంది.

పక్కింటివాళ్ల మాట మీద తేదీ నిలబడదు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూడండి, గోడ ఏ ఏడు చిత్రంలో మొదటిసారి కనిపిస్తుందో తెలుస్తుంది. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆ షెడ్డుకు కరెంటు మీటరు, ఆస్తి పన్ను ఎప్పటి నుంచి ఉన్నాయో ఆరా తీయండి. మీరు ఇన్నేళ్లలో ఖాళీ స్థలం పన్ను కట్టారో లేదో మాత్రం ఉత్తరంలో లేదు. కట్టి ఉండరనే అనుకుంటున్నాను. ప్లాటు కొని, దస్తావేజు బీరువాలో పెట్టి, ఏళ్ల తరబడి అటు తొంగి చూడకపోతే ఇలాగే అవుతుంది.

రోడ్డు గురించి టెన్షన్ అక్కర్లేదు. దస్తావేజు రాసిన రోజున ఉన్న హద్దులే లెక్క. ఆ రోడ్డు తర్వాత మాయమైనా దస్తావేజు చెడదు. అయితే 46 నేల మీద ఎక్కడుందో చూపించే బాధ్యత మీదే. లేఅవుట్ ప్లాన్ సంపాదించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 45, 47 ప్లాట్ల దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి, వాటి హద్దుల్లో మీ ప్లాటూ ఆ పాత రోడ్డూ ఉండాలి. ఈసీ (స్థలంపై రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయిస్తే అవతలివారు ఏ కాగితంతో కూర్చున్నారో బయటపడొచ్చు. చాలాసార్లు అది వేరే సర్వే నంబరు కాగితమై ఉంటుంది. సర్వే శాఖవాళ్లు సర్వే నంబరు హద్దు చూపిస్తారు, అందులో 46 ఏదో చెప్పేది లేఅవుట్ ప్లానే.

బ్రోకర్ సలహా జోలికి వెళ్లకండి. సవరణ దస్తావేజు రాతలో దొర్లిన తప్పు దిద్దడానికే. ఇప్పటి నేలకు సరిపోయేలా హద్దులు మార్పించారంటే, పాత దస్తావేజు ఈ స్థలానిది కాదని మీరే ఒప్పుకున్నట్టు. గోడ కూలిస్తే క్రిమినల్ కేసు ఎలాగూ వస్తుంది. అంతకంటే ప్రమాదం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్. అవతలివారు ఆరు నెలల్లోపు దావా వేస్తే, మీ హక్కు చూడకుండానే స్థలం వాళ్లకు తిరిగి అప్పగిస్తారు.

కోర్టు ఫీజు కలిసొస్తుందని వట్టి ఇంజంక్షన్ దావా (అవతలివారు జోక్యం చేసుకోకుండా ఆపమనేది) వేయమనేవాళ్లూ ఉంటారు. స్వాధీనం మీ దగ్గర లేనప్పుడు అది నిలవదని అనాతుల సుధాకర్ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు నాదని ప్రకటించమనే వట్టి డిక్లరేషన్ దావాకు గడువు మూడేళ్లే. కాబట్టి హక్కు ప్రకటన, స్వాధీనం రెండూ కలిపి అడగండి. దావాతోపాటే కట్టడాలు, అమ్మకాలు ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోరండి. సర్వేయర్ సాయంతో కొలతలు తీయడానికి అడ్వకేట్ కమిషనర్‌నూ (కోర్టు నియమించే లాయర్) అడగండి.

1988 నాటి ఒరిజినల్ దస్తావేజు ఎవరి దగ్గరుందో మీరు రాయలేదు. పుట్టింట్లో ఉంటే ఈ వారమే తెప్పించుకోండి.