మాత్రల డబ్బా ముందు ఆగిన మనిషి: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

వయసు మళ్లినవాళ్లు హత్య కేసు పరిశోధించే నీ మిస్టరీ నవలతో పాటు, దాన్ని చదివినవాళ్లు రాసిన అభిప్రాయాలన్నిటినీ ఒక కట్టగా పంపావు. మెచ్చుకున్నవి పైన, తప్పుబట్టినవి కింద పెట్టి, మధ్యలో ఒక చిన్న కాగితం మీద "వీటిలో దేన్ని నమ్మమంటారు?" అని రాశావు. నేను మొదట చేసిన పని ఆ రెండు దొంతరలనూ కలిపేయడం. ఆ తరువాత ఒక్కొక్క పాఠకుడు నీ నవలలో ఏ పేజీ గురించి మాట్లాడుతున్నాడో చూసి, పేజీల వరుసలో వాటిని మళ్లీ పేర్చుకున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. అలా పేర్చాక కనబడిన సంగతినే ఈ ఉత్తరంలో నీకు చెప్పాలనుకుంటున్నాను.

మెచ్చుకున్నవాళ్లలో సగం మందికి పైగా ఏదో ఒక రకంగా 11వ అధ్యాయం ప్రస్తావన తెచ్చారు. ఒకరు నవ్వొచ్చిందన్నారు, ఒకరు కళ్లు చెమర్చాయన్నారు, ఇంకొకరు తన తల్లి గుర్తొచ్చిందన్నారు. అందులో నువ్వు రాసింది చాలా చిన్న దృశ్యం. చనిపోయిన పెద్దాయన మంచం పక్కన వారం రోజుల మాత్రల డబ్బా ఉంది, రోజుకు రెండు అరల చొప్పున, పైన పారదర్శకమైన మూతలతో. పోలీసు అధికారి దాన్ని చూసి "మందులు" అని రాసుకుని ముందుకు సాగిపోయాడు. 74 ఏళ్ల నీ రిటైర్డ్ లెక్కల టీచరు మాత్రం దాని ముందు ఆగింది, ఎందుకంటే ఆవిడ కూడా ప్రతి ఉదయం అలాంటి డబ్బా మూతనే, వాచిన బొటనవేలితో రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే గాని తెరవలేదు. ఆయన బుధవారం రాత్రి పోయారని ఇంటిల్లిపాదీ చెబుతున్నారు. డబ్బాలో గురువారం ఉదయం అర ఖాళీగా ఉంది, గురువారం రాత్రి అర నిండుగా ఉంది. మరపు వల్ల మాత్ర మానేసేవాళ్లను ఆవిడ ఎందరినో చూసింది గాని, రేపటి మాత్రను ఈ రాత్రే తీసి వేసుకునేవాళ్లను చూడలేదు. అక్కడి నుంచి నీ కథ దారి మారింది.

ఈ అధ్యాయంలో "క్లూ బాగుంది" అని ఎవరూ విడిగా రాయకపోవడం గమనించావా? అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు. పాఠకుడికి అక్కడ క్లూ ఒకటి, ఆ పెద్దావిడ జీవితం ఒకటి అని వేరువేరుగా కనబడలేదు. ఆవిడ వయసే ఆవిడ కన్ను అయింది.

ఇప్పుడు తప్పుబట్టినవాళ్లు చూపించిన పేజీలకు వద్దాం. 5 నుంచి 9 దాకా ఉన్న అధ్యాయాల మీద "నత్తనడక" అన్న మాట చాలాసార్లు వచ్చింది. 17వ అధ్యాయంలో టీచరుగారి మనవడు ఫోన్ లాక్ తీసి మెసేజీలన్నీ బయటపెట్టడం నమ్మశక్యంగా లేదన్నారు. 22వ అధ్యాయంలో రిటైర్డ్ జడ్జిగారు ఉన్నట్టుండి "నాకెందుకో అతని మీదే అనుమానం" అనడం, ఆ అనుమానమే నిజం కావడం ఒక పాఠకుణ్ణి బాగా నొప్పించింది. నువ్వు వీటిని మూడు వేరువేరు ఫిర్యాదులుగా లెక్కపెట్టి ఉంటావు. నాకు మూడూ ఒకటే. నీ పెద్దవాళ్లు 5 నుంచి 9 వరకు పెద్దవాళ్లుగా మాత్రమే ఉన్నారు, ఆ కబుర్లలో పరిశోధన లేదు. 17లో పరిశోధన ఉంది గాని, దాన్ని చేసింది ఇరవయ్యేళ్ల కుర్రాడు. 22లో జడ్జిగారి అనుమానానికి ఆయన బతికిన జీవితంలో వేరు లేదు. వయసూ వెతుకులాటా విడిపోయిన చోటల్లా పాఠకుడు నిన్ను వదిలిపెట్టాడు. నెమ్మది, నమ్మలేకపోవడం, అన్యాయం అంటూ ఆ విడిపోవడానికే తలా ఒక పేరు పెట్టారు.

కోజీ మిస్టరీ అని పిలుస్తున్న ఈ కథల్లో హింస తెర వెనకే జరుగుతుంది, నెత్తురు కనబడదు, అందరూ అందరికీ తెలిసిన ఒక చిన్న సమాజంలో కథ నడిచి చివరికి ఒక క్రమం తిరిగి నెలకొంటుంది. ఇంతవరకు నీకు తెలిసిందే. పరిశోధకులుగా పెద్దవాళ్లే ఎందుకు పదే పదే వస్తారన్న ప్రశ్న మీద మాత్రం కొంతసేపు నిలబడాలి. ఆనా కాథరిన్ గ్రీన్ అనే అమెరికన్ రచయిత్రి 1897లో అమీలియా బటర్‌వర్త్ అనే నడివయసు అవివాహితను తన నవలలోకి తెచ్చింది. అర్ధరాత్రి కిటికీలోంచి చూస్తే, ఎవరూ ఉండని పక్కింట్లోకి ఒక జంట వెళ్లడం ఆమె కంటపడుతుంది. నలుగురూ ఆరా తీసే బుద్ధి అని చులకన చేసే గుణమే అక్కడ సాక్ష్యాన్ని పుట్టించింది. అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ 1927 డిసెంబరులో ఒక కథలోను, 1930లో పూర్తి నవలలోను కనబడింది. ఆమె తోటపని చేసుకుంటూ, పక్షుల్ని బైనాక్యులర్స్‌తో చూస్తూ ఊరంతటినీ గమనించగలదు. ముసలావిడ తోటలో వంగి ఉంటే దారిన పోయేవాళ్లు గొంతు తగ్గించుకోరు కదా! ఆమె హంతకుణ్ణి ఊహతో పట్టుకోదు. వెనకటికి తన ఊళ్లో ఫలానా మనిషి ఇలాగే ప్రవర్తించాడని ఒక పాత ముఖాన్ని గుర్తు తెచ్చుకుని, కొత్త ముఖం పక్కన పెట్టి చూస్తుంది. దశాబ్దాల జ్ఞాపకం లేని మనిషికి ఆ పద్ధతి చేతకాదు.

ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. అదృష్టవశాత్తు జరిగిన సంఘటన పరిశోధకుడికి సాయపడకూడదని, కారణం చెప్పలేని అంతర్దృష్టి నిజమై తేలకూడదని అందులో ఒకటి. నీ జడ్జిగారి మీద కోప్పడిన పాఠకుడు ఆ నియమాల పేరైనా విని ఉండనక్కరలేదు. అతనికి అనిపించింది మాత్రం అదే. జడ్జిగారు ముప్ఫయ్యేళ్లు బోనులో నిలబడ్డవాళ్ల మాటలు విన్నారు. అబద్ధం చెప్పేవాడు అడగని వివరాలు కూడా చెబుతాడని ఆయనకు ఏ సాక్షి ద్వారా తెలిసిందో, ఆ సాక్షి ఆ రోజు ఏమన్నాడో ముందే ఎక్కడో ఒక చోట నాలుగు వాక్యాల్లో చెప్పి ఉంచు. అప్పుడు 22వ అధ్యాయంలో అదే అనుమానం వచ్చినప్పుడు పాఠకుడే "అవును, ఇతను అడగనివి కూడా చెప్పాడు" అనుకుంటూ వెనక్కి తిరిగి పేజీలు వెతుకుతాడు.

నీ అభిప్రాయాల కట్టలో చాలామంది 2020లో వచ్చిన రిచర్డ్ ఆస్మన్ నవల "ది థర్స్‌డే మర్డర్ క్లబ్"తో నీ పుస్తకాన్ని పోల్చారు. దానికి బాధపడకు, ఇప్పుడు ఈ దారిలో నడిచే ఎవరికీ ఆ పోలిక తప్పదు. అయితే ఆ పుస్తకం గురించి పాఠకులు ఏమంటారో శ్రద్ధగా విను, నీకు పనికొస్తుంది. విశ్రాంత జీవుల కోసం కట్టిన ఒక ఆవాసంలో నలుగురు గురువారం గురువారం కలుసుకుని, తేలని పాత కేసుల్ని ముందేసుకుంటారు. నచ్చనివాళ్లు పాత్రలు ఎక్కువయ్యాయని, మలుపు మీద మలుపు వచ్చి చివరికి ఎవరు ఎందుకు చేశారో తికమకగా ఉందని అంటారు. నచ్చినవాళ్లలో ఎక్కువమంది జాయిస్ అనే ఆవిడ రాసుకునే డైరీ పేజీల గురించి, మతి తప్పుతున్న భర్తను కనిపెట్టుకుని ఉండే ఎలిజబెత్ గురించి మాట్లాడతారు. చిక్కుముడి గురించి ఫిర్యాదు చేసిన పాఠకుడే ఆ మనుషుల కోసం తరువాతి పుస్తకం కొనుక్కుంటాడు. దీన్ని బట్టి చిక్కుముడి ఎలా ఉన్నా ఫరవాలేదని అనుకోకు. మనుషుల మీద ప్రేమతో పాఠకుడు నీకు ఒకసారి మన్నింపు ఇస్తాడు, రెండోసారి ఇస్తాడని నేను హామీ ఇవ్వలేను.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇలాంటి నవల నేను మొదటిసారి రాసినప్పుడు అందులో ఒక పెద్దాయన ఉండేవాడు. ప్రతి సమావేశంలోనూ కుర్చీలోనే కునికిపాట్లు పడేవాడు, మిగతావాళ్లు తట్టి లేపేవాళ్లు. పాఠకులు నవ్వుతారని రాశాను, చాలామంది నవ్వారు కూడా. కొన్నాళ్లకు ఒక పోస్టు కార్డు వచ్చింది, వణికే చేతితో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. తనకు 78 ఏళ్లని, వయసులో ఉన్నప్పుడు బాగా నిద్రపోయేవాడినని, ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుందని, ఆ వేళకు వీధిలో ఏ ఇంట్లో దీపం వెలుగుతోందో, ఏ వాహనం ఎన్నింటికి వచ్చిందో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆయన రాశారు. నా నవలలో హత్య తెల్లవారుజామున మూడున్నరకు జరిగింది. నా ముసలాయన్ని నిద్రపుచ్చి, కథలో ఉండాల్సిన ఒకే ఒక్క సాక్షిని నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. ఆ కార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆయన నవల బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నేను చూడని మనిషిని నాకు చూపించారు.

అందుకే నీ కట్టలో నాకు అన్నిటికంటే విలువైనవి, తమ వయసు చెప్పి రాసిన అభిప్రాయాలు. అలాంటివి నాలుగే ఉన్నాయి, వాటిని విడిగా తీసిపెట్టాను. ఒకావిడ, నీ టీచరుగారు సెల్‌ఫోన్ పట్టుకోవడం రాక తంటాలు పడే సన్నివేశం దగ్గర పుస్తకం మూసేశానని రాసింది. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి ఫోన్ నేర్చుకోవడం రాదని ఎందుకు అనుకున్నావు? చూపు ఆనక అక్షరాలు పెద్దవి చేసుకుంటుందేమో, వేలి తడి ఆరిపోయి తెర తాకిడిని గుర్తించకపోతే విసుక్కుంటుందేమో, అవి రాయి. అవి ఒంటికి వచ్చిన కష్టాలు. తెలివి తక్కువతనం వేరు. ఈ తేడాను పెద్ద వయసు పాఠకులు మొదటి వాక్యంలోనే పసిగడతారు.

"హంతకుడెవరో ముందే తెలిసిపోయింది" అన్నవాళ్ల గురించి నువ్వు ఎక్కువ దిగులు పడ్డట్టున్నావు. నేను పెద్దగా పట్టించుకోను. ఎప్పుడు తెలిసిందో, దేన్ని బట్టి తెలిసిందో రాసినవాళ్లను మాత్రం చూడు. మాత్రల డబ్బాను బట్టి ఊహించినవాడు నీతో సమానంగా ఆడి గెలిచాడు, అతనికి సంతోషమే మిగిలింది. "ఇంత మంచివాడిగా చూపించారంటే వీడే అయ్యుంటాడు" అని ఊహించినవాడు కథలోని ఆధారాలను కాదు, నీ రాత అలవాటును పట్టుకున్నాడు. అలాంటివాళ్లు ఇద్దరున్నారు, వాళ్ల మాట విని ఆ మంచితనం మోతాదు తగ్గించు.

ముగింపు మీద వచ్చిన గొడవ మాత్రం అసలైన గొడవ. టీచరుగారు నిజం తెలుసుకుని కూడా, ఆ హంతకుడు తన ఈడువాడే, తనలాగే ఒంటరివాడే అని పోలీసులకు చెప్పకుండా వదిలేసింది. సగం మంది దాన్ని దయ అన్నారు, సగం మంది తప్పు అన్నారు. రెండు వైపులా బలమైన మాటలే ఉన్నాయి, నువ్వు ఎవరి పక్షం తీసుకోవాలో నేను చెప్పను. కాని ఆ వదిలేయడానికి టీచరుగారు ఏమీ చెల్లించకపోవడం నాకు నచ్చలేదు. చనిపోయిన పెద్దాయనకూ ఆవిడ ఈడే, ఆయనకూ ఒంటరితనం ఉంది, ఆయన మాత్రల డబ్బాలో శుక్రవారం, శనివారం అరలు ఇంకా నిండుగానే ఉన్నాయి. ఆ అరల్ని ఆవిడ మర్చిపోగలదా? మర్చిపోలేకపోతే చివరి అధ్యాయంలో ఆవిడ తన డబ్బా మూత ఎలా తెరుస్తుంది? దయ అన్నవాళ్లూ తప్పు అన్నవాళ్లూ కూడా ఆ పేజీ కోసమే ఎదురుచూశారని నాకు అనిపిస్తోంది, అది నీ పుస్తకంలో లేదు.

రెండో ముద్రణకు ప్రచురణకర్తలు నెల రోజుల గడువిచ్చారని రాశావు. 17వ అధ్యాయంలో మనవణ్ణి తీసేయి. 5 నుంచి 9 వరకు ఉన్న కబుర్లను కత్తిరించవద్దు, ఒక్కో కబుర్లో ఒక్కో ఆధారాన్ని దాచిపెట్టు, ఎలాగూ పెద్దవాళ్ల కబుర్లలో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి తలుపు ఎన్నింటికి తెరుచుకుందో దొర్లుతూనే ఉంటుంది. ముందుగా మాత్రం ఆ ఆఖరి పేజీ రాయి, మాత్రల డబ్బాతో టీచరుగారు ఒంటరిగా ఉన్న ఉదయాన్ని. రాయగానే నాకు పంపు. కట్టలోని ఆ నాలుగు అభిప్రాయాలను నా దగ్గరే ఉంచుకున్నాను, నీ పేజీ వచ్చాక వాటి పక్కన పెట్టి చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి