గుమ్మి వెనకాల దోస్తు

తమ్మీ,

నీ కథ అందింది. మక్తల్ పక్క ఊళ్లో, అమ్మానాన్నలు బొంబాయి పనికి పోతే అవ్వ దగ్గర మిగిలిన పిల్లవాడు, వాడికొక్కడికే కనిపించే దోస్తు. మొదటి రెండు పేజీలు బాగున్నాయి. చివరి పేజీ చదివి కాగితాలు మంచం మీద పడేశాను. పట్నం నుంచి డాక్టర్ని తెచ్చి, కౌన్సెలింగ్ ఇప్పించి ఆ దోస్తును మాయం చేస్తావా? ఇప్పటి కథలన్నిటికీ ఇదే రోగం. ఎవరు ఏడ్చినా ఆఖరికి కౌన్సెలరు దిగాలి.

అది జబ్బు కాదయ్యా. సైకాలజీ చదివిన మా కోడలు చెప్పింది: 2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, బొమ్మలతో మాట్లాడేవాళ్లను కూడా కలుపుకుంటే, ఏడేళ్లు వచ్చేసరికి నూటికి 65 మంది పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఇట్లాంటి తోడు ఉందట. అడిగితే 'ఉత్తదే' అని చాలామంది వాళ్లే చెప్తారట. నీ పిల్లవాడికి ఆ సంగతే తెలియదు. పైగా నీ దోస్తు వాడు ఏమంటే దానికి తలూపుతాడు. తలూపేవాడు దోస్తెట్ల అవుతాడు?

మా తాత నాగార్జునసాగర్ కట్టకు రాళ్లు మోసినవాడు. మా నాయన, అమ్మ దీపావళి దాటగానే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని పూణె వైపు పోయేవాళ్లు, మళ్లీ తొలకరికే రాక. ఇంట్లో నేను, నాయనమ్మ, జొన్నలు పోసి దాచుకునే, పేడతో అలికిన పెద్ద బుట్ట, అదే గుమ్మి. దాని వెనకాల బాలిగాడు. నా రొట్టెలో సగం తుంచి అక్కడ పెట్టేవాణ్ని, కోడి తినిపోయేది. ఆముదం చేనుకు తీసుకపోలేదని వాడు అలిగి మూడు రోజులు రాకపోతే నాకు జ్వరమొచ్చినంత పనయ్యేది. నాయనమ్మ వాణ్ని లేడని ఒక్కనాడూ అనలేదు. "వానికి పావు రొట్టె చాలు తియ్, వాడేమన్న పనికి పోతున్నడా" అనేది.

ఇదంతా కథగా రాసి పంపితే, గుమ్మి అంటే తమ పాఠకులకు తెలియదని ఒక ఎడిటరు దాన్ని బీరువా చేశాడు. మా ఇంట్లో బీరువా! ఇరవై ఏళ్లయింది, ఇంకా కడుపు మండుతుంది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఆ డాక్టర్ని బస్సెక్కించు. అవ్వ చేత దోస్తుతో ఒక మాట మాట్లాడించు. వాళ్లమ్మ ఊరికొచ్చిన రాత్రి పిల్లవాడు రొట్టె తుంచి పక్కన పెట్టాడా లేదా, అది రాసి పంపు.