పిల్లి కక్కిందంటే ముందు కక్కిందేమిటో చూడండి

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నాలుగెకరాల వరి, రెండు గేదెలు ఉన్నాయి. వడ్ల గదిలో ఎలుకల బాధ పడలేక మూడేళ్ళ కిందట ఒక ఆడపిల్లిని తెచ్చి సాకుతున్నాం. నెల రోజులుగా వారానికి రెండు మూడు సార్లు కక్కుతోంది. ఒక్కోసారి తిన్న అన్నం తిన్నట్టే పడిపోతుంది. ఒకసారి వేలెడు పొడుగున నల్లగా ఏదో పడింది. పోయిన వారం తెల్లటి పురుగు పడింది. గట్టు మీద గరిక కూడా కొరుకుతోంది. అయినా హుషారుగానే ఉంది, ఎలుకల్ని పడుతూనే ఉంది. పొద్దున పాలన్నం, రాత్రి మాకు మిగిలిన చేపల పులుసన్నం పెడతాం. బల్లిని తిని ఉంటుందని పక్కింటి వాళ్ళు అంటున్నారు. జ్వరం బిళ్ళ సగం వేస్తే సర్దుకుంటుందని ఇంకొకరు చెప్పారు. దాని పిల్ల మూడు నెలలది ఇంట్లోనే ఉంది. రెండేళ్ళ మా మనవడు వాటితోనే ఆడుకుంటాడు. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ జ్వరం బిళ్ళ పక్కన పెట్టేయండి. పారాసిటమాల్‌ను మన కాలేయం విరిచి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లిలో చాలా తక్కువ. మూడు నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల బిళ్ళలో సగం చాలు, ప్రాణం తీయడానికి. రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమ రంగుకు తిరుగుతుంది. చిగుళ్ళు బురద రంగులోకో నీలంగానో మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. ఇప్పటికే వేసి ఉంటే, ఏమవుతుందో చూద్దామని ఆగకుండా ఈ గంటలోనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విరుగుడు మందు ఉంది గానీ ఎంత తొందరగా పడితే అంత మంచిది. నొప్పులకు మనం వాడే ఇతర బిళ్ళలు కూడా దానికి వేయకూడదు.

ఇక అసలు విషయం. మీరు ఒక జబ్బు గురించి అడిగాననుకున్నారు. మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సంగతులున్నాయి. పిల్లి కక్కడం జబ్బు పేరు కాదు. మనకు దగ్గు వచ్చినట్టు అదొక గుర్తు. పడినదాన్ని వెంటనే నీళ్ళు కొట్టి కడిగేస్తాం గానీ, దాన్ని ఒక్క నిమిషం చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఈసారి ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. తిన్న ఎంతసేపటికి పడిందో గుర్తుంచుకోండి. ఆసుపత్రికి వెళ్తే డాక్టరు అడిగే మొదటి రెండు ప్రశ్నలు అవే.

తిన్న అన్నం తిన్నట్టే పడుతోందన్నారు. అప్పుడు దాని పొట్టను గమనించారా? నిజమైన వాంతిలో పిల్లి ముందు నాలుక చప్పరిస్తుంది, చొంగ కారుస్తుంది, వంగి కూర్చుంటుంది, డొక్కలు ఎగదన్నుతూ గుర్రు గుర్రుమని శబ్దం చేస్తుంది. ఆ తర్వాత పసరో, సగం అరిగిన మెతుకులో పడతాయి. అలా కాకుండా తిన్న పది పదిహేను నిమిషాల్లో తల వంచగానే, పొట్ట కదలకుండా మెతుకులు గొట్టంలా అతుక్కుని జారిపడితే అది కడుపు దాకా పోని తిండి. గబగబా మింగే పిల్లులు ఎక్కువగా ఇలా చేస్తాయి. పక్కన పిల్ల ఉంది, గోడ దూకి వచ్చే ఊరి పిల్లులు ఉండనే ఉంటాయి. తన వాటా పోతుందేమోనని టెన్షన్. తల్లికీ పిల్లకీ వేర్వేరు చోట్ల పెట్టండి. గిన్నెలో కాకుండా వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరచండి. మధ్యలో నోట పట్టనంత పెద్ద నున్నటి రాయి ఒకటి పెడితే దాని చుట్టూ తిరుగుతూ నిదానంగా తింటుంది. రోజుకు రెండు పూటల తిండిని నాలుగు చిన్న వాయిలు చేయండి. పది రోజులు ఇలా చేసినా ఆగకపోతే అప్పుడు గొంతునూ ఆహార నాళాన్నీ పరీక్షించాలి.

వేలెడు పొడుగు నల్లటిది బొచ్చు ఉండ అయి ఉంటుంది. ఉండ అంటాం గానీ ఆహార నాళంలోంచి నొక్కుకుని రావడం వల్ల ఒత్తిలా పొడుగ్గా ఉంటుంది. చాలామంది దాన్ని పెంట అనుకుంటారు. ఒక చెక్క పలక మీద పెట్టి నీళ్ళు పోసి చీపురు పుల్లతో విడదీసి చూడండి, వెంట్రుకలు పాయలు పాయలుగా విడిపోతాయి. పిల్లి నాలుక మీద ముళ్ళన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. ఒళ్ళు నాక్కున్నప్పుడు ఊడిన బొచ్చు వాటికి చిక్కుకుంటే ఉమ్మేయడం దాని చేతిలో లేదు, మింగాల్సిందే. చాలావరకు పెంటలో పోతుంది, మిగిలింది ఇలా పైకి వస్తుంది. నెలకొకసారి వస్తే పట్టించుకోనక్కర్లేదు. వారం వారం వస్తుంటే మాత్రం అది ఒళ్ళు మామూలు కంటే ఎక్కువ నాక్కుంటోందని అర్థం. దానికి మన పల్లెల్లో మొదటి కారణం బొచ్చులో గెంతుతూ రక్తం తాగే ఫ్లీ అనే సన్న పురుగులు. పేన్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ తుప్పు రంగు మరక పాకితే అది మట్టి కాదు, పురుగు తాగి విసర్జించిన రక్తం.

ఆ పురుగులకు గేదెల గోమార్ల మందు మాత్రం కొట్టకండి. ఆ మందుల్లో చాలావాటిలో ఉండే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ జాతి రసాయనాల్ని పిల్లి తట్టుకోలేదు. కాళ్ళు కొట్టుకుంటూ వణికిపోతుంది. గేదెలకు కొట్టిన రోజు కూడా, ఒళ్ళు ఆరే దాకా పిల్లిని కొట్టం వైపు రానీయకండి. గేదె వీపు మీద పడుకునే పిల్లుల్ని నేను చాలా చూశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. బొచ్చు ఉండలకు ఆముదమో కొబ్బరి నూనో నోట్లో పోసే అలవాటు కూడా మంచిది కాదు, కొర పోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే అదో కొత్త జబ్బు. రోజూ ఐదు నిమిషాలు దువ్వడమే దీనికి మందు.

తెల్లటి పురుగు ఏలిక పాము. రెండు కొసలూ సన్నగా, స్ప్రింగులా చుట్టుకుని ఉంటే ఇక అనుమానం లేదు. పిల్లకు తల్లి పాలలోంచే వస్తుంది. పెద్ద పిల్లికి ఎలుకల్లోంచి వస్తుంది. అంటే మీ పిల్లి తన ఉద్యోగం చేస్తున్నంత కాలం ఈ పురుగులు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. అందుకే ఎలుకలు పట్టే పిల్లికి మూడు నెలలకోసారి నట్టల మందు వేయాలి. గొర్రెలకు తెచ్చిన ఆల్బెండజోల్ సీసా ఇంట్లో ఉంది కదా అని అందులోంచి రెండు చుక్కలు పోయకండి, పిల్లుల్లో అది ఎముక మూలుగను దెబ్బతీసిన సందర్భాలున్నాయి. పిల్లుల కోసం పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ కలిసిన బిళ్ళలు దొరుకుతాయి. ఎంత వేయాలో బరువును బట్టి డాక్టరు చెప్తారు. బరువు తెలియడానికి వడ్ల కాటా చాలు. పిల్లిని మూత బుట్టలో పెట్టి తూచి, బుట్ట బరువు తీసేయండి. చిన్న పిల్లకు ఆరు నెలలు నిండే దాకా నెలకోసారి వేయించాలి. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు, ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.

మనవడి సంగతి అడిగారు. భయపడాల్సిన పని లేదు గానీ జాగ్రత్త కావాలి. ఈ ఏలిక పాము గుడ్లు పిల్లి పెంటలో పడతాయి. పడిన వెంటనే అంటవు, మట్టిలో రెండు మూడు వారాలు ఉన్నాకే అంటుకునే దశకు వస్తాయి. ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంటే పిల్లి పెంట పూడ్చేది అక్కడే, పిల్లవాడు ఆడేదీ అక్కడే. కుప్ప మీద పట్టా కప్పండి. మూలన ఒక పాత తట్టలో ఇసుక పోసి పిల్లికి ఇచ్చేయండి, రోజూ ఎత్తి పారేయండి.

తిండి దగ్గర మాత్రం మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. నెల్లూరు చేపల పులుసు మనకు అమృతమే, పిల్లికి కాదు. చేప వరకు ఫర్వాలేదు. అందులోని కారం, నూనె, చింతపండు దాని కడుపును మండిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి అయితే పిల్లి ఎర్ర రక్తకణాల్నే పగలగొడతాయి. ఒక్క పూటలో ఏమీ తెలియదు, రోజూ తింటుంటే పిల్లి పాలిపోతుంది. ముల్లు గుచ్చుకోవడం సరే సరి. పాలు కూడా అంతే. పాలు మాన్పించిన తర్వాత చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదు, కడుపు ఉబ్బి విరేచనం పెడుతుంది, కొన్నిటికి వాంతి అవుతుంది. పిల్లికి పాలు పోయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న మర్యాద, నాకూ తెలుసు. మానలేకపోతే ఒక చెంచా పెరుగుతో సరిపెట్టండి, తాగడానికి నీళ్ళు పెట్టండి. పిల్లి పూర్తిగా మాంసాహారి. పులుసు పెట్టే ముందే రెండు చేప ముక్కలు పక్కకు తీసి ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి, కొద్దిగా అన్నం కలిపి పెట్టండి. కోడి మాంసం, ఉడికించిన గుడ్డు మంచివి. పచ్చి చేప రోజూ వద్దు, కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను విరిచే పదార్థం ఉంటుంది. తిండి ఒక్కసారిగా మార్చినా కక్కుతుంది కాబట్టి వారం రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి.

గరిక తినడం పిల్లుల అలవాటు, దానికీ జబ్బుకూ లంకె పెట్టనక్కర్లేదు. కలుపు మందు కొట్టిన గట్టు మీద మాత్రం తిననీయకండి. బల్లి విషమన్నది కూడా నిజం కాదు. అయితే వేడి దేశాల్లో బల్లుల ద్వారా పిల్లి కాలేయంలోకి చేరే ఒక జలగ లాంటి పురుగు ఉంది. తిండి మానేసి, చిక్కిపోయి, కళ్ళూ చిగుళ్ళూ పచ్చబడితే అప్పుడు దాన్ని అనుమానించాలి. హుషారుగా ఎలుకలు పట్టే మీ పిల్లికి ఆ లక్షణాలు లేవు.

మీరు రాయలేదు గానీ నేను అడగాల్సిన మాట ఒకటుంది. వడ్ల గదిలో ఎలుకల మందు పెట్టారా? కోత అయి వడ్లు ఇంటికి చేరగానే నూకల్లో నూనె, మందు కలిపి మూల మూలనా పెట్టేస్తారు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, రెండు మూడు రోజులు మత్తుగా తిరుగుతుంది. పిల్లికి అంతకంటే సులువైన వేట ఏముంది? ఆ విషం ఎలుక కాలేయంలోంచి పిల్లికి చేరుతుంది. కొన్ని రోజుల తర్వాత పిల్లి నీరసపడి, చిగుళ్ళు తెల్లబడి, ముక్కులోంచో వాంతిలోనో రక్తం పడుతుంది. దీనికి విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాలి. జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే తెలిసిపోతుంది, వాంతి వెల్లుల్లి వాసన వేస్తుంది. ఆ వాసన చూస్తూ కూర్చోకండి, ఆ గాలి మనకూ విషమే. తలుపులు తెరిచి, పిల్లికి తిండేమీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉప్పు నీళ్ళు పోసి కక్కించే ప్రయత్నం చేయకండి. నా మాట వింటే, పిల్లి ఉన్న ఇంట్లో మందు వద్దు. బుట్టలు, బోనులు పెట్టండి, పొలంలో మందు పెట్టినా బొరియల్లోనే పెట్టి మట్టితో మూసేయండి, చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చేయండి.

ఇంకొకటి దారం. ఒకసారి మా దగ్గరికి రెండు రోజులుగా ఆగకుండా కక్కుతున్న పిల్లిని తెచ్చారు. పొట్ట నొక్కి చూసినా ఏమీ తేలలేదు. నోరు తెరిచి నాలుక ఎత్తితే అడుగున సన్నటి గీత, దాని చుట్టూ వాపు. కనకాంబరాల దండ దారం. ఒక కొస నాలుక కింద చుట్టుకుని, రెండో కొస పేగుల్లోకి దిగి, పేగుల్ని రవికె కుచ్చుల్లా లాగేసింది. ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది. వాడిన దండల్ని, కుట్టు దారాల్ని, చేపల గాలం తీగల్ని పిల్లికి అందకుండా పారేయండి. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి, పేగు కోసుకుపోతుంది.

మీ పిల్లి మళ్ళీ కక్కితే, ఒకటి రెండు సార్లే అయి హుషారుగా ఉంటే, ఆరేడు గంటలు తిండి ఆపండి, నీళ్ళు ఆపకండి. తర్వాత ఉడికించిన కోడి మాంసం రెండు చెంచాలు పెట్టి చూడండి. మనకు లంఘనం పరమౌషధం కావచ్చు, పిల్లికి కాదు. రెండు మూడు రోజులు తిండి లేకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అదే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఒక రోజు దాటి తినకపోతే ఆగకండి. రోజులో మూడు సార్లకు మించి కక్కినా, రక్తం గానీ కాఫీ పొడి రంగు గానీ కనిపించినా అంతే. మగపిల్లి అయితే మూత్రానికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకుండా కక్కుతుంటే మూత్రం కట్టుకుపోయినట్టు, అర్ధరాత్రయినా డాక్టరును లేపాల్సిందే. బండి దొరకకపోతే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి సలహా అడగండి.

చివరిగా, పిల్ల. తల్లి కంటే నాకు దాని గురించే ఎక్కువ ఆదుర్దాగా ఉంది. కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకునే పార్వో జబ్బు లాంటిదే పిల్లుల్లోనూ ఒకటుంది. టీకా పడని పిల్ల పొద్దున బాగుండి సాయంత్రానికి మూల పట్టి, నీళ్ళ గిన్నె మీద తల వాల్చి, పసరు కక్కుతూ ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పిల్లకు ఉపవాసం అసలు పెట్టకూడదు, కక్కిన పూటే తీసుకెళ్ళాలి. ఈ జబ్బు టీకా ఎనిమిది వారాల వయసు నుంచే మొదలు పెట్టొచ్చు, మూడు నాలుగు వారాల తేడాతో మళ్ళీ వేయించాలి. మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్ టీకా కూడా వేయించొచ్చు. నెల్లూరు వెళ్ళే పని ఉన్న రోజు తల్లినీ పిల్లనీ చెరో మూత బుట్టలో పెట్టుకుని వెళ్ళి నట్టల మందు, టీకాలు ఒకేసారి అడగండి. తల్లి పెంట కొంచెం చిన్న డబ్బాలో తీసుకెళ్తే సూక్ష్మదర్శినిలో చూసి ఏ పురుగులో తేల్చి చెప్తారు.