ఆంధ్రా నుంచి కొన్న బోటును సోనాపూర్ దగ్గర సముద్రంలో పదేపదే ఆపుతున్నారు, ఏం చేయాలి?

శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు కొన్న ఫైబర్ బోటు, వేట ఒడిశాలోని గంజాం తీరం నుంచి. ఒకసారి మెరైన్ పోలీసులు (రాష్ట్ర తీరప్రాంత పోలీసులు), ఇంకోసారి కోస్ట్‌గార్డు ఆపారని, అసలు ఆపే అధికారం ఎవరికి అని మీరు అడిగారు. ఇద్దరికీ ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, దేశపు సొంత జలాలు. ముంబై దాడుల తర్వాత 2009లో ఆ నీళ్ల భద్రతను, మెరైన్ పోలీసులు గస్తీ తిరిగే మేరతో సహా, కోస్ట్‌గార్డుకు అప్పగించారు. మొత్తం సముద్ర భద్రత నేవీది. వీళ్లందరి పనినీ కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన జాతీయ కమిటీ సమీక్షిస్తుంది.

పైన ఇంతమంది ఉన్నా మీ చిక్కు విడేది మత్స్యశాఖ ఆఫీసులోనే. గస్తీవాళ్లతో వాదించి లాభం లేదు, ఆర్సీ (బోటు రిజిస్ట్రేషన్ పత్రం) మార్చడం వాళ్ల చేతిలో లేదు.

ముందు శ్రీకాకుళం మత్స్యశాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి. అది, అమ్మకం కాగితం, ఇంజను బిల్లు జతచేసి గంజాంలో మీ పేరిట రిజిస్ట్రేషనుకు పెట్టండి. దరఖాస్తు వేట బోట్ల రిజిస్ట్రేషను వెబ్‌సైటు రియల్‌క్రాఫ్ట్ పోర్టల్లో. తనిఖీలో బోటు పొడవు, ఇంజను నంబరు చూస్తారు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే: పాత ఇంజను తీసేసి కొత్తది బిగిస్తారు, ఆర్సీలో పాత నంబరే ఉంటుంది. పైగా ఇంజను మీది నంబరు ప్లేటును ఉప్పు తినేస్తుంది. కొత్తగా ఉన్నప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి.

బోటు ముక్కుకు రెండు పక్కలా రాసే ఐఎన్‌డీ నంబరు (బోటు రిజిస్ట్రేషన్ నంబరు) దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. రంగు రాలి 8 కాస్తా 3లా కనబడితే చాలు, దగ్గరికి రమ్మంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఒడ్డునే ఉంటుంది కదా, అప్పుడే రాయించేయండి.

మనుషుల సంగతి. ఆఖరి నిమిషంలో ఒక కళాసీ బదులు ఇంకొకడు ఎక్కుతాడు, వాడి కార్డు ఇంట్లో ఉంటుంది. సరంగు (బోటు నడిపేవాడు) సహా అందరి ఆధార్ గానీ మత్స్యకారుల కార్డు గానీ ప్లాస్టిక్ సంచిలో బోటులోనే ఉంచండి. ఎవరెవరు వెళ్లారో చీటీ ఒడ్డున ఇచ్చి వెళ్లండి, తుఫానులో వెతకడానికీ అదే ఆధారం.

20 మీటర్ల పొడవు దాటిన బోటుకు ఏఐఎస్ (బోటు ఎవరిదో, ఎక్కడుందో రేడియోలో తెలిపే పరికరం) తప్పనిసరి. మీలాంటి చిన్న బోట్లకు ఉపగ్రహం ద్వారా బోటు జాడ తెలిపే ట్రాన్స్‌పాండరు ఉచితంగా ఇచ్చే పథకం ఉంది, మత్స్యశాఖలోనే అడగండి. దాని యాంటెన్నా మీద వల కుప్ప, టార్పాలిన్ పడకూడదు, ఆకాశం కనబడకపోతే సిగ్నల్ అందదు.

అనుమానపు పడవ కనబడితే దగ్గరికి వెళ్లకండి. నంబరు, రంగు, ఎటు పోతోందో చూసి కోస్ట్‌గార్డుకు 1554, మెరైన్ పోలీసులకు 1093కి చెప్పండి.