చేతులు ఖాళీగా ఉండనీ

అమ్మలూ,

పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్పబోతున్నావనీ, ఏదో ఒక పని ఎలా చేయాలో నలుగురి ముందు వాళ్లచేత చెప్పించాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. పిల్లలు తడబడితే నవ్వేసి మర్చిపోతారు. నలభై ఏళ్ల మనిషి తడబడితే మర్నాడు క్లాసుకే రాడు. నా భయమంతా అదే.

విషయం వాళ్లకి వచ్చిన పనిలోంచే తీసుకోమను. కుట్టుపని తెలిస్తే గుండీ కుట్టడం, కరెంటు పని తెలిస్తే ప్లగ్గు బిగించడం. 5 నిమిషాలు, 5 నుంచి 7 స్టెప్పులు, అంతే. "కంప్యూటర్ వాడటం" అంటే ఒప్పుకోకు, "ఫైలుకి పేరు మార్చడం" దాకా కుదించు.

ఇక అసలు తప్పు. మా తరం టీచర్లం ఏళ్ల తరబడి చేసిందే, నువ్వూ చేస్తావని అనుమానం: ప్రసంగమంతా రాయించి, ఎర్ర పెన్నుతో దిద్ది, బట్టీ పట్టించడం. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. లేచి నిలబడ్డాక చూడు. గుండీ కుట్టడానికి రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో కాగితం ఉంటుంది. కళ్లు అక్షరాల మీద, సూది ఎక్కడో. పైగా రాతకి కూర్చుంటే ఎవరికైనా దర్జా వచ్చేస్తుంది: "టేక్ ద నీడిల్" అంటే సరిపోయేదానికి "ద నీడిల్ షుడ్ బి టేకెన్" అని రాస్తారు. అన్నిటికన్నా ఘోరం, బట్టీ పట్టింది గొలుసులా ఉంటుంది. ఒక్క మాట జారితే తర్వాతిది రాదు. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటారు, మళ్లీ అక్కడే ఆగుతారు. నువ్వు జాలిపడి ఆ మాట అందిస్తావు. అందరూ నేలచూపులు చూస్తారు. మనిషి క్లాసుకి దూరమయ్యేది అక్కడే.

బదులుగా అరచేతిలో ఇమిడే కార్డు ఇవ్వు. స్టెప్పుకి ఒక వరుస, వరుసకి రెండు మూడు మాటలు: "థ్రెడ్, నీడిల్", "నాట్, ఎండ్". పూర్తి వాక్యం కనబడితే మొహమాటపడకుండా కొట్టేయ్. కార్డు బల్ల మీదే ఉండాలి. తర్వాత ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురికి చెప్పించు: మొదటివారికి 4 నిమిషాల్లో, రెండోవారికి 3, మూడోవారికి 2. వినే మనిషి మారుతుంటాడు కాబట్టి చెప్పిందే చెప్పినా విసుగు రాదు. మూడోసారికి వెతుకులాట తగ్గుతుంది.

వ్యాకరణం మొత్తం నెత్తికెత్తుకోకు. తెలుగులో క్రియ వాక్యం చివర్న కూర్చుంటుంది, ఇంగ్లీషులో ఆజ్ఞ క్రియతోనే మొదలవుతుంది. అది నోటికి పట్టేదాకా నువ్వు చెప్పు, వాళ్లు చేస్తారు. తర్వాత వాళ్లు చెప్తారు, నువ్వు చెయ్. "టర్న్ ఆఫ్ ఇట్" కాదు, "టర్న్ ఇట్ ఆఫ్" అని అలవాటు చెయ్. "ఎ", "ద" తప్పులు కొన్నాళ్లు పోనీ. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" మాత్రం వదలకు, కొలత తప్పితే పనే తప్పుతుంది. 15కి చివరి భాగం నొక్కి పలకాలి, 50కి మొదటి భాగం. అంకె బోర్డు మీద రాయించడం ఇంకా క్షేమం.

హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందే రావాలి. "కట్ ద వైర్, బట్ ఫస్ట్ స్విచ్ ఆఫ్ ద పవర్" అంటే, "బట్" వినేసరికే వైరు తెగి ఉంటుంది.

చివర్లో "డు యు అండర్‌స్టాండ్?" అని అడగనివ్వకు. అందరూ తలూపుతారు. "వాట్ డు ఐ డు బిఫోర్ ఐ కట్?" అని అడగమను. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ఇద్దరిని వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టు. ఒకరు చెప్పాలి, ఒకరు కాగితం మడిచి పడవ చేయాలి. పడవ తయారైతే ఇంగ్లీషు పనిచేసినట్టే, వ్యాకరణం కాస్త కుంటినా సరే.

చెప్తున్నంతసేపూ నువ్వు నోరు మెదపకు తల్లీ, నీకది కష్టమని తెలుసు. తప్పులు రాసుకుని, తర్వాత విడిగా పిలిచి రెండే చెప్పు.

20 మంది ఒక్కొక్కరు 5 నిమిషాలంటే 100 నిమిషాలు, చివరివాళ్లకి వినేవాళ్లుండరు. నలుగురేసి గుంపులు చేసి ఒకేసారి నడిపించు. మొదటి రోజు మాత్రం క్లాసంతటి ముందూ నువ్వే నిలబడి, నీకు సరిగ్గా రాని పనేదైనా చేసి చూపించు. గుండీ కుట్టడం నీకు ఇప్పటికీ రాదటగా.

పెద్దమ్మ