శాప్ కోర్సుకు ముందు స్టోర్సు గది

ప్రశ్న: తాడిపత్రిలో ఒక నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాసే ఉద్యోగం నాది. మా అబ్బాయి అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి ఏడాది కావస్తోంది. హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ వారు మూడు నెలల్లో శాప్ నేర్పి ఉద్యోగం చూపిస్తామని, అందుకు 90 వేల రూపాయలు కట్టమని అంటున్నారు. ఫ్యాక్టరీల్లో వాడే ఈ ఈఆర్‌పీ సాఫ్ట్‌వేరు మెకానికల్ చదివిన వారికి పనికొస్తుందా? అప్పు చేసి కట్టవచ్చా?

జవాబు: పనికొస్తుందా అంటే తప్పకుండా పనికొస్తుంది. అప్పు చేసి కట్టవచ్చా అంటే, ఇప్పుడు మాత్రం వద్దని నా సలహా. కారణాలు కొంచెం వివరంగా చెప్పాలి.

ఈఆర్‌పీ అంటే ఏమిటో మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు, మీరు రోజూ చేతితో చేస్తున్నది అదే. గని నుంచి వచ్చిన రాయి ఒక పుస్తకంలో, పాలిష్ అయిన చదరపు అడుగులు మరొక పుస్తకంలో, అమ్మకాలు బిల్లు పుస్తకంలో, కూలీలు ఇంకొక పుస్తకంలో రాస్తారు. నెలాఖరున ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలవకపోతే మీకు నిద్ర పట్టదు. పెద్ద కర్మాగారంలో ఇవన్నీ ఒకే పుస్తకంగా మారి, స్టోర్సులో నమోదైన అంకె కొనుగోళ్ల విభాగానికీ, ఉత్పత్తికీ, అకౌంట్సుకూ అదే క్షణంలో కనిపించేలా ఏర్పాటు చేస్తే దానినే ఈఆర్‌పీ అంటారు. ఐబీఎంలో పనిచేసిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో ప్రారంభించిన శాప్ ఈ రంగంలో పెద్ద పేరు. ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ డైనమిక్స్, చెన్నైకి చెందిన రామ్‌కో కూడా వాడుకలో ఉన్నాయి.

మెకానికల్ చదివిన వారికి ఇందులో సహజంగా అబ్బే భాగం ఒకటి ఉంది. డ్రాయింగు మూలన ఉండే విడిభాగాల పట్టికను మీ అబ్బాయి కాలేజీలో చూసే ఉంటాడు. కంపెనీకి 50 పంపుల ఆర్డరు వచ్చిందనుకోండి. ఒక్కొక్క పంపుకు 2 బేరింగులు కావాలి కాబట్టి మొత్తం 100 కావాలి. స్టోర్సులో 30 ఉన్నాయి, 20కి ఇప్పటికే ఆర్డరు వెళ్లింది, కనుక కొనవలసినవి 50. సరఫరాదారుకు 15 రోజుల గడువు కావాలంటే ఏ తేదీకల్లా ఆర్డరు పెట్టాలో కూడా సాఫ్ట్‌వేరే చెబుతుంది. లెక్క ఇంత సులువైనదే. కాకపోతే వేలకొద్దీ వస్తువులకు, ఒకదానిలో ఒకటి ఇమిడిన విడిభాగాలకు ప్రతిరోజూ ఈ లెక్క వేయాలి. స్టోర్సులో 30 ఉన్నాయన్న మాట అబద్ధమైతే మాత్రం మిగతా లెక్కంతా తప్పుతుంది.

ఇది నేను స్వయంగా చూసిన విషయం. ఉద్యోగ సలహాలిచ్చే ఈ పనిలోకి రాకముందు కొన్నేళ్లు ఒక కర్మాగారం స్టోర్సులో పనిచేశాను. అక్కడ పాత రిజిస్టర్లు వదిలి ఈఆర్‌పీలోకి మారే సమయంలో నిల్వలన్నిటినీ హడావుడిగా ఎక్కించారు. ఒక రకం ఇనుప కడ్డీలు రిజిస్టరులో కిలోల లెక్కన ఉన్నాయి, సాఫ్ట్‌వేరులో వాటి కొలత సంఖ్యల లెక్కన పెట్టారు. కడ్డీ బరువు 20 కిలోలు, రిజిస్టరులో ఉన్నది 480 కిలోలు, అంటే 24 కడ్డీలు. ఎక్కించిన వ్యక్తి 480 అని కొట్టి ముందుకు వెళ్లిపోయాడు. మూడు వారాలకు ఆ 24 కడ్డీలూ అయిపోయాయి. తెర మీద మాత్రం ఇంకా 456 ఉన్నట్టు చూపుతోంది కాబట్టి కొనుగోలు ఇండెంటు పుట్టనే లేదు. రెండు రోజులు లైను ఆగింది. సాఫ్ట్‌వేరు పాడైందని అందరూ దాన్నే తిట్టారు. చివరకు టార్చిలైటు పట్టుకుని ర్యాకు దగ్గరకు వెళ్లిన ఒక పాత స్టోర్‌కీపరు ఐదు నిమిషాల్లో అసలు సంగతి తేల్చాడు. ఆయనకు కంప్యూటరు అంతంత మాత్రమే వచ్చు.

శిక్షణ సంస్థలు నేర్పేది తెరలను. వచ్చిన సరుకును మిగో అనే తెరలో 101 అన్న కోడుతో ఎలా తీసుకోవాలో, ఉత్పత్తికి ఇచ్చిన సరుకును 261తో ఎలా రాయాలో చూపిస్తారు. అవి అవసరమే కానీ, కంపెనీలో చేరిన కుర్రవాడు వాటిని రెండు వారాల్లో నేర్చుకోగలడు. లారీ కాటా మీదికి ఎక్కిన దగ్గర నుంచి నాణ్యత పరీక్ష, స్టోర్సు రసీదు, బిల్లు సరిచూడటం వరకు సరుకు ఎలా నడుస్తుందో తెలిసిన వాడికే ఆ కోడ్లకు అర్థం ఉంటుంది. అనుభవం లేని వారిని నేరుగా శాప్ కన్సల్టెంటుగా తీసుకోవడానికి కంపెనీలు వెనకాడేది ఇందుకే. ఆ అడ్డంకి దాటడానికి లేని అనుభవపత్రాలు పుట్టించి ఇస్తామనే వారు కూడా ఉన్నారు. ఆ దారిలోకి అబ్బాయిని పోనివ్వకండి. కంపెనీలు భవిష్యనిధి (పీఎఫ్) ఖాతా చూసి పాత ఉద్యోగాలను సరిచూసుకుంటాయి, అక్కడ దొరికిపోతే కెరీర్ మొదట్లోనే మచ్చ పడుతుంది.

నా సలహా ఇది. మీ ఊళ్లోనే సిమెంటు, ఉక్కు కర్మాగారాలున్నాయి, ఎర్రగుంట్ల వైపు మరిన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019లో ఉత్పత్తి ప్రారంభించాక విడిభాగాల కంపెనీలు కూడా ఆ చుట్టుపక్కలకు వచ్చాయి. వీటిలో స్టోర్సు, ప్రొడక్షన్ ప్లానింగ్, నాణ్యత, మెయింటెనెన్సు విభాగాల్లో ఎక్కడ చోటు దొరికినా చేరమనండి. జీతం తక్కువని నామోషీ పడవద్దు. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పథకం కింద ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంది, అందులో కనీస స్టైపెండులో సగం కేంద్రమే భరిస్తుంది. నాట్స్ పోర్టల్‌లో ఈ వారమే పేరు నమోదు చేసుకోమనండి. ఇంటర్వ్యూలో మీ దగ్గర ఏ ఈఆర్‌పీ వాడతారని అడగడం తప్పు కాదు, పైగా ఆ ప్రశ్న అడిగిన కుర్రవాడు వారికి గుర్తుంటాడు.

ఈలోగా ఇంట్లో ఖర్చు లేకుండా నేర్చుకునే వీలుంది. మన దేశంలోనే తయారైన ఈఆర్‌పీనెక్స్ట్ ఉచితంగా దొరుకుతుంది, దానిలో ఒక చిన్న ఊహా కంపెనీని సృష్టించి కొనుగోలు నుంచి అమ్మకం దాకా నడిపి చూడవచ్చు. శాప్ సంస్థ కూడా తన వెబ్‌సైటులో చాలా పాఠాలను ఉచితంగానే ఉంచింది.

రెండేళ్ల అనుభవం వచ్చాక కోర్సు చేయాలనిపిస్తే అప్పుడు తన జీతంతో తానే చేరవచ్చు. అప్పుడైనా కట్టే ముందు రెండు విషయాలు అడగాలి. నేర్పేది 2015లో వచ్చిన శాప్ కొత్త తరం సాఫ్ట్‌వేరు ‘ఎస్ ఫోర్ హానా’ను గురించా, లేక దానికి ముందున్న పాత ‘ఈసీసీ’ని గురించా అన్నది మొదటిది. పాత ఈసీసీకి శాప్ ఇచ్చే సాధారణ మద్దతు 2027 ఆఖరుతో ముగుస్తుంది కాబట్టి దానికి డబ్బు పోయడం దండగ. నేర్పే వ్యక్తి ఎప్పుడైనా ఫ్యాక్టరీలో పనిచేశాడా అన్నది రెండవది. ఇక మాడ్యూలు, అంటే శాప్‌లో ఏ విభాగం పని నేర్చుకోవాలన్న విషయానికొస్తే, స్నేహితుడు ఫైనాన్సు మాడ్యూలు తీసుకున్నాడని ఇతనూ అందులో చేరకూడదు. మెకానికల్ వారికి ఉత్పత్తి ప్రణాళిక, మెటీరియల్స్, మెయింటెనెన్సు దగ్గరి దారులు.

అన్నిటికంటే ముందు, ఈ నెల మీ యూనిట్‌లో నిల్వలు లెక్కపెట్టే రోజున అబ్బాయిని వెంట తీసుకువెళ్లండి. మీ పుస్తకంలోని అంకెకూ, షెడ్డులో పేర్చిన రాళ్లకూ తేడా వస్తే, ఆ తేడా గనిలో వచ్చిందో, కోతలో వచ్చిందో, రాతలో వచ్చిందో అతన్నే వెతకమనండి.