బూత్ మారడం ఆగకపోవచ్చు, ఎక్కడికి మారాలో మాత్రం మీరు చెప్పొచ్చు

మీ ప్రశ్న ఇది: ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉన్న పోలింగ్ బూత్‌ను కిలోమీటరున్నర అవతల ఉన్న హైస్కూల్‌కు మారుస్తున్నారట, ముసలోళ్లూ కాళ్లు రానోళ్లూ అంత దూరం పోలేరు, దీన్ని ఆపించే దారి ఉందా అని.

నేను హనుమకొండ జిల్లాలో పరకాల వైపు ఒక ఊర్లో అంగన్‌వాడీ టీచర్‌ని. చాలా ఏళ్లుగా బీఎల్వో (బూత్ స్థాయి అధికారి, ఊర్లో ఓటర్ల జాబితా చూసే మనిషి) పని కూడా చేస్తున్నా. మా ఊర్లో సరిగ్గా ఇదే జరిగింది. అందుకే ముందే చెప్తున్నా, "ఆపండి" అని రాయకండి. బిల్డింగ్ పాడైందని ఇంజనీరు రాసిచ్చాక అక్కడే బూత్ పెట్టమంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. "ఇక్కడికి కాదు, అక్కడికి మార్చండి" అని రాయండి. ఆ "అక్కడ" ఏదో మీరే వెతికి చూపించాలి.

మా కథ 2023 జులై ఆఖర్లో మొదలైంది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి వాగులో మునిగిపోయింది, గుర్తుందా, ఆ వారమే మా పాత బడి స్లాబ్ పెచ్చులు ఊడి పడ్డాయి. పిల్లలు లేని రోజు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. అసెంబ్లీ ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి, బూత్‌ను మెయిన్ రోడ్డు అవతల ఉన్న హైస్కూల్‌కు మార్చాలని ప్రతిపాదన వచ్చింది. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవాల్సి రాకూడదన్నది ఎన్నికల కమిషన్ నియమం. మాకు కిలోమీటరుంబావే. కాగితం మీద తప్పేం లేదు. నేనూ సంతకం పెట్టాను.

కానీ ఆ కిలోమీటరుంబావు మధ్యలో బొగ్గు, ఇసుక లారీలు ఆగకుండా పోయే రోడ్డు ఉంది. దాటడానికి ఆడోళ్లు పిల్లల్ని చంకనేసుకుని పది నిమిషాలు నిలబడతారు. పైగా పోలింగ్ నవంబర్ 30న. మా దిక్కు అది పత్తి ఏరే కాలం. ఏరినదానికి కిలో లెక్కన కూలి. ఓటు రోజు వేతనంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఉన్నా, కిలో లెక్క కైకిలికి ఆ సెలవు ఎవరిస్తారు? పొద్దున ఏడింటికి ఓటేసి చేనుకు పోదామనుకున్న వాళ్లు, పోయి రావడానికే గంటన్నర పడుతుందని నేరుగా చేనుకే పోయారు. తర్వాత ఇల్లిల్లూ తిరిగి అడిగితే తెలిసింది నాకు.

ఆ రోజు మధ్యాహ్నం నేను హైస్కూల్లో ఓటర్ల సహాయ టేబుల్ దగ్గర ఉన్నా. ఒక పిల్లగాడు సైకిల్ మీద వచ్చి, "టీచర్, అవ్వ పాత బడి కాడ కూసున్నది, లేస్తలేదు" అన్నాడు. పోయి చూస్తే గేటుకు తాళం, ముందర అవ్వ. చేతికర్ర పక్కన పెట్టి, కొంగు ముడి విప్పి ఓటరు చిట్టీ చేతిలో పట్టుకుంది. నన్ను చూడగానే, "నా ఓటు ఎత్తేసిండ్రా బిడ్డా? కార్డున్నది, చిట్టీ ఉన్నది, తలుపే తీస్తలేరు" అన్నది. ఆ చిట్టీ నేనే ఇంటికి పోయి ఇచ్చాను. దాని మీద కొత్త బూత్ పేరు అచ్చయి ఉంది. అవ్వకు చదవడం రాదు, నేను నోటితో చెప్పలేదు. పాతికేళ్లుగా అదే గేటులోంచి పోయి ఓటేసిన మనిషి ఇంకెక్కడికి పోతుంది?

ఇంటి నుంచే ఓటు వేయించొచ్చు కదా అంటారేమో. అప్పుడు దానికి 80 ఏళ్లు నిండాలి, జాబితాలో అవ్వ వయసు 78. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ఆ హద్దును 85కు పెంచారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకూ ఆ సదుపాయం ఉంది. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం 12డి నింపి బీఎల్వోకు ఇవ్వాలి. ఒకసారి అది మంజూరైతే మళ్లీ బూత్‌కు పోయి వేయడం కుదరదు, ఇది ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. 78, 82 ఏళ్ల వాళ్లు మాత్రం బూత్‌కు రావాల్సిందే. బూత్ దూరమైతే ఎక్కువ నలిగేది వీళ్లే.

అవ్వను మా తమ్ముడి బండి మీద తీసుకెళ్లాం. హైస్కూల్లో ర్యాంపు ఉంది, కానీ నిటారుగా కట్టారు. చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంటే ఇద్దరు మనుషులు ఎత్తి లోపల దింపారు. ఓటు వేసింది, బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి. దూరం పెరిగితే ఆ సందులోకి పార్టీల ఆటోలు వస్తాయి. అభ్యర్థి తరఫున బండి పెట్టి ఓటర్లను తేవడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(5) ప్రకారం అవినీతి చర్య. కానీ ఎండలో నడవలేని మనిషికి ఆ ఆటో ఒక్కటే దిక్కైతే ఎక్కకేం చేస్తుంది? ఎక్కినాక దారి పొడుగునా ఏ గుర్తు గురించి చెప్తారో మీకు తెలుసు. అందుకే నడిచి పోగల బూత్ కావాలంటున్నా.

2024 జనవరిలో మేం దరఖాస్తు పెట్టాం. రైతు వేదికకు, అంటే రైతుల మీటింగుల కోసం ప్రభుత్వం కట్టిన హాలుకు, మార్చమని. అది రోడ్డుకు ఇవతలే ఉంది, కింది అంతస్తే, పెద్ద హాలు, రెండు తలుపులు, కరెంటు, బాత్రూం ఉన్నాయి. మొదట ఊర్లో కొందరు ఒక కుల సంఘం భవనం పేరు చెప్పారు. వద్దన్నాను. ఆ గడప తొక్కడానికి జంకే వాడలు మా ఊర్లో ఇప్పటికీ ఉన్నాయి, ఓటుకు పోయే చోట ఎవరికీ ఆ జంకు ఉండొద్దు. గుడి, మసీదు, దవాఖాన, పోలీస్ స్టేషన్ ఎలాగూ కుదరవు. 200 మీటర్ల లోపు పార్టీ ఆఫీసు ఉండకూడదు. గది కనీసం 20 చదరపు మీటర్లు ఉండాలి. ఇవన్నీ టేపు పట్టి కొలిచి రాశాం.

దరఖాస్తులో ఏడుపు తక్కువ, లెక్క ఎక్కువ ఉండాలి. ఏ వాడ నుంచి ఎంత దూరం, చేతికర్రతో నడిచే మనిషికి ఎన్ని నిమిషాలు (మేం అవ్వను నడిపించి ఫోన్‌లో టైం చూశాం), ఏ రోడ్డు దాటాలి, వికలాంగులు ఎందరు, 70 దాటినవాళ్లు ఎందరు. కింద ఊరివాళ్ల సంతకాలతో పాటు అన్ని పార్టీల బూత్ ఏజెంట్ల సంతకాలు కూడా తీసుకోండి. బూత్‌ల జాబితా ఖరారు చేసే ముందు పార్టీలతో మీటింగ్ పెడతారు, అక్కడ ఎవరూ అడ్డు చెప్పకపోతే పని సగం అయినట్టే. బూత్‌లు ఏర్పాటు చేసేది జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టర్. దానికి ఎన్నికల కమిషన్ ముందస్తు ఆమోదం ఉండాలి. కాబట్టి తహసీల్ ఆఫీసులో నోటిమాటగా "చూస్తాం" అంటే సరిపోదు. ముసాయిదా జాబితా పెట్టాక అభ్యంతరాలకు సాధారణంగా వారమే గడువు. 2023లో మా ఆఫీసు బోర్డు మీద అంటించిన కాగితాన్ని ఊరి నుంచి ఒక్కరు కూడా చదవలేదు. మీరు ఈ రోజే పోయి చూడండి.

మార్పుకు కారణం బిల్డింగేనా, ఓటర్ల సంఖ్యా అన్నది కూడా అడగండి. ఇదివరకు బూత్‌కు 1,500 మంది దాకా ఉండేవాళ్లు, 2025లో కమిషన్ దాన్ని 1,200కు తగ్గించింది. అందుకే చాలా చోట్ల బూత్‌లు విడగొడుతున్నారు. మీది ఆ బాపతైతే అదే ఆవరణలో పక్క గది అడగండి, ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు.

మాకు మంజూరైంది. ర్యాంపు మాత్రం దగ్గరుండి కట్టించాం. ఎత్తుకు పన్నెండింతలు పొడవుండాలి, అంటే అడుగున్నర గడపకు పద్దెనిమిది అడుగులు. మేస్త్రీ "అంత ఎందుకమ్మా" అన్నాడు. ఖాళీ కుర్చీ కాదు, నేనే కుర్చీలో కూర్చుని తోయమన్నా. అప్పుడు ఒప్పుకున్నాడు.

2024 మే 13 లోక్‌సభ పోలింగ్‌కు ముందు మూడు సాయంత్రాలు డప్పు చాటింపు వేయించాం, పత్తి కాలం కాకపోయినా కూలోళ్లు ఇంటికొచ్చే వేళ చూసి. పాత బడి గేటు మీద "బూత్ ఇక్కడ లేదు, రైతు వేదికలో ఉంది" అని పెద్ద అక్షరాలతో రాసి, చదవరాని వాళ్ల కోసం బాణం గుర్తు వేసి, పొద్దున్నుంచి ఒక పిల్లను అక్కడ కూర్చోబెట్టాం. స్లిప్పులు ఇస్తూ ప్రతి ఇంట్లో నోటితో చెప్పాను, తిరిగి నాకే చెప్పమని అడిగాను. ఎండకు టెంటు, కుండలో నీళ్లు, నిలబడలేని వాళ్లకు బెంచీలు పెట్టాం. ఆ ఎండల వల్లే పోలింగ్ సమయాన్ని ఆరింటి దాకా పెంచారు. చూపు లేనివాళ్లు, బటన్ నొక్కలేనివాళ్లు 18 నిండిన తోడును లోపలికి తెచ్చుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు.

తండా వాళ్లకు రైతు వేదిక కూడా దూరమే. వాళ్లకు విడిగా బూత్ అడుగుతున్నాం, ఇంకా రాలేదు.

మీ ఊర్లో పంచాయతీ ఎన్నికల బూత్‌ను చూసి ఇదే అనుకోకండి. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం కింద వార్డుల వారీగా జరుగుతాయి. 2025 డిసెంబర్‌లో మా ఊర్లో కొందరు రైతు వేదికకు పోయి మళ్లీ తమ వార్డు బూత్‌కు తిరిగొచ్చారు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. జవాబు రాకపోతే ఆ తేదీ చెప్పి ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కు ఫోన్ చేయండి.